చౌడును పైరు ఎలా ఓర్చుకుంటుంది?

నాట్లు వేసి పది రోజులైంది. మడిలో నీళ్లున్నాయి. అయినా మిట్టమధ్యాహ్నం పైరు వాడినట్టు కనిపిస్తోంది. ముదురు ఆకుల కొసలు తెల్లబడి, ఎండి, చుట్టుకుపోతున్నాయి. ఒక పక్క పైరు పచ్చగానే ఉంది. నాలుగు గజాల అవతల చాప పరిచినంత మేర ఖాళీ. మీ పొలంలో ఎప్పుడైనా ఇలా అయిందా?

కృష్ణా, గోదావరి కాలువల చివరి భూముల్లో, రేపల్లె, బాపట్ల, బందరు, కోనసీమ తీరాన, సాగర్ కుడి కాలువ కింద పల్లపు చేలల్లో ఇది కొత్త సంగతేం కాదు. చాలామంది జింకు లోపమనుకుంటారు. కొందరు తెగులనుకుని మందు కొడతారు. జింకు లోపమైతే ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, లేత ఆకు నడిమి ఈనె మొదట్లో పాలిపోతుంది. ఉప్పు దెబ్బ అలా కాదు, ఆకు కొసన మొదలై వెనక్కి నడుస్తుంది. చౌడులో రెండూ కలిసి రావడం కూడా ఉంది కనుక తికమక సహజమే. ఏది ఏమైనా ఉప్పు దెబ్బకు పురుగు మందు కొడితే డబ్బు దండగ తప్ప ఒరిగేదేమీ లేదు.

అసలు ఉప్పు మొక్కను ఏం చేస్తుంది? కొన్ని మొక్కలు దాన్ని తట్టుకుని ఎలా నిలుస్తాయి? ఇది తెలిస్తే ఏ రకం వేయాలి, నారు ఎంత వయసుది పెట్టాలి, ఉన్న కాస్త మంచినీళ్లు ఎప్పుడు వాడాలి అన్నవి మీకే బోధపడతాయి.

ఆవకాయ జాడీలో ఊట

వేసవిలో ఇంట్లో ఆవకాయ పెడతారు గదా. కోసిన మామిడి ముక్కలకు ఉప్పూ కారం పట్టించి జాడీలో పెట్టి, మూడో రోజు మూత తీస్తే ఊట పైకి వచ్చి ఉంటుంది. ఆ నీళ్లు ఎవరూ పోయలేదు. ముక్కలోని నీటినే ఉప్పు బయటికి లాగింది. నీరు ఎప్పుడూ ఉప్పు తక్కువ ఉన్న చోటి నుంచి ఎక్కువ ఉన్న చోటికి పోతుంది.

వేరు నీళ్లు తాగేదీ ఈ సూత్రం మీదే. మంచి నేలలో మట్టి నీటికన్నా వేరు లోపలి రసం చిక్కగా ఉంటుంది కనుక నీరు లోపలికి వస్తుంది. మట్టి నీటిలో ఉప్పు పెరిగే కొద్దీ ఆ లాగుడు తగ్గిపోతుంది. మడిలో నీళ్లు నిలిచి ఉన్నా మొక్కకు దాహం తీరదు. మొదటి దెబ్బ ఇది. ఉప్పు తగిలిన వెంటనే మొదలవుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది.

రెండో దెబ్బ మెల్లగా వస్తుంది. ఉప్పులో ఉన్నవి సోడియం, క్లోరైడు. సోడియం చూడ్డానికి పొటాషియానికి తమ్ముడిలా ఉంటుంది. పొటాష్ వచ్చే దారుల్లోనే దూరి లోపలికొచ్చి, పొటాష్ చేయాల్సిన పనులన్నీ పాడుచేస్తుంది. వేరు నుంచి పైకెక్కిన నీరు ఆకులోంచి ఆవిరైపోతుంది, దానితో వచ్చిన ఉప్పు మాత్రం ఆకులోనే మిగిలిపోతుంది. ఉప్పు కయ్యలో జరిగేది ఆకులోనూ జరుగుతుందన్నమాట. ఎక్కువ రోజులు నీటిని ఆవిరి చేసింది ముదురు ఆకులే గనక ముందు అవే మాడతాయి.

మడ చెట్టు చేసే పని

కోరింగ వైపు వెళ్లినవాళ్లు మడ అడవులను చూసే ఉంటారు. రోజూ ఆటూపోటూ సముద్రపు నీరు వేళ్లను ముంచెత్తుతున్నా ఆ చెట్లు పచ్చగా ఉంటాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వరి అందులో బతికే ప్రసక్తే లేదు. మరి మడ చెట్టు సంగతేమిటి?

అది మూడు పనులు చేస్తుంది. మొదటిది, రానివ్వకపోవడం. నీటిలోని ఉప్పులో నూటికి తొంభై వంతులను వేరు దగ్గరే ఆపేస్తుంది. రెండోది, తోసేయడం. గడప దాటి వచ్చిన ఉప్పును ఆకు మీదున్న సన్నని గ్రంథుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఎండ వేళ నల్లమడ, తెల్లమడ ఆకులు తడిమి చూడండి, గరుకుగా ఉప్పు పలుకులు తగులుతాయి. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. మూడోది, దాచిపెట్టడం. మొక్క కణంలో నీటి సంచిలాంటి గది ఒకటి ఉంటుంది. సోడియాన్ని అందులోకి తోసి తలుపు వేస్తుంది. కణంలో అసలు పని జరిగే చోటికి అది రాకుండా చూసుకుంటుంది. తీరంలో చౌడు గట్ల మీద పాకే ముద్దాకుల కూర మొక్కలకు ఆ ముద్ద ఆకులు వచ్చింది ఇందుకే. అవి ఉప్పు దాచే కొట్లు.

ఇక్కడో చిక్కుంది. సంచిలో ఉప్పు పెట్టాక సంచి బయటి రసం పలచగా ఉంటే, ఆవకాయ ముక్కకు పట్టిన గతే దానికీ పడుతుంది. అందుకని మొక్క అక్కడ ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ వంటి హాని లేని పదార్థాలను తయారుచేసి పోగుచేస్తుంది. ఇవి రసాన్ని చిక్కబరుస్తాయి గాని పనికి అడ్డురావు.

అయితే ఇవన్నీ ఉచితంగా జరగవు. ఉప్పును నెట్టడానికీ, ప్రోలిన్ వండుకోవడానికీ మొక్క తాను తయారుచేసుకున్న పిండి పదార్థాన్నే ఖర్చు పెట్టాలి. గింజలోకి పోవాల్సింది ఆ ఖర్చుకు పోతుంది. చౌడును తట్టుకునే రకం అంటే చౌడులోనూ మంచి నేలలో మాదిరి పండే రకం అని కాదు. మిగతావి చచ్చిపోయే చోట ఇది నాలుగు గింజలిస్తుంది, అంతే. విత్తనం కొనేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

వరి సంగతి

వరికి మడ చెట్టులా ఉప్పు గ్రంథులు లేవు. పైగా దాని వేళ్లలో నీరు అడ్డదారిన కూడా పైకి పోతుంది, ఆ దారిలోనే ఉప్పూ ఎక్కుతుంది. అయినా కొన్ని పాత రకాలు గట్టివి. కేరళ తీరంలో పొక్కాలి, బెంగాల్‌లో నోనా బొక్రా అలాంటివి. నోనా బొక్రాలో ఒక జన్యువు కాండం గొట్టంలో పైకి వెళుతున్న సోడియాన్ని దారిలోనే పట్టి వెనక్కి తీస్తుందని 2005లో తేలింది. ఆకుకు చేరే ఉప్పు అలా తగ్గుతుంది. పొక్కాలిలో ఈ గుణం ఉన్న క్రోమోజోము ముక్కను కొత్త రకాల్లోకి ఎక్కించే పని చాలా దేశాల్లో జరిగింది, జరుగుతోంది.

పొక్కాలి గురించి ఒక్కమాట. అది గట్టి రకమే కాదనను. కాని అక్కడి రైతులు దాన్ని ఉప్పు నీళ్లలో నాటరు. వేసవిలో మట్టిని దిబ్బలుగా ఎత్తి ఉంచుతారు. వర్షాలు పడి దిబ్బల మీది ఉప్పు కడుక్కుపోయాక మొలక విత్తనం వేస్తారు. వానాకాలం అంతా నది నీరు తియ్యగా ఉంటుంది, ఆ లోపు పంట చేతికొస్తుంది. ఉప్పు నీరు తిరిగొచ్చే నాటికి పొలాన్ని రొయ్యలకు వదిలేస్తారు. రకం బలం సగం, వాన కడిగిన సమయం చూసుకోవడం సగం.

మన దేశంలో పొట్టి వరిలో చౌడును తట్టుకునే రకంగా సి.ఎస్.ఆర్. 10 ను 1989లో విడుదల చేశారు. అది హర్యానాలోని కర్నాల్‌లో 1969లో మొదలైన కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థలో పుట్టింది. మన తీరానికి బందరు వ్యవసాయ పరిశోధన స్థానం ఎం.సి.ఎం. అక్షరాలతో మొదలయ్యే రకాలను ఇచ్చింది. మీ మండలంలో వాటిలో ఏది దొరుకుతుందో, ఎన్ని రోజుల పంటో అక్కడే అడిగి తెలుసుకోవచ్చు.

వరి జీవితమంతా ఒకే తీరుగా ఉప్పుకు లొంగదు. రైతుకు అన్నిటికన్నా పనికొచ్చే విషయం ఇదే. మొలకెత్తేటప్పుడు వరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. రెండు మూడు ఆకుల లేత దశలో చటుక్కున దెబ్బతింటుంది. పిలకలు వేసే దశలో మళ్లీ గట్టిపడుతుంది. చిరుపొట్ట నుంచి పూత వరకు తిరిగి నాజూకు. అప్పుడు ఉప్పు తగిలితే మొక్క పచ్చగానే ఉంటుంది గాని కంకి నిండా తాలు. గింజ గట్టిపడే దశలో పెద్దగా భయం లేదు.

కనుక చౌడు మడిలో 20, 25 రోజుల లేత నారు పెట్టవద్దు. 35 రోజులు దాటిన ముదురు నారు పెట్టండి. కుదురుకు ఒకటీ రెండూ కాదు, నాలుగు మొక్కల వరకు వేయండి, కుదుళ్లు కాస్త దగ్గరగా ఉండాలి. కొన్ని చచ్చినా మడి ఖాళీ కాదు. నారుమడి మాత్రం మంచి నేలలో, మంచినీటి దగ్గర పోసుకోవాలి. కాలువ నీరు నాలుగు తడులకే వస్తుందనుకుంటే నాటిన మొదటి పక్షం రోజులకూ, చిరుపొట్ట నుంచి పూత వరకూ ఆ నీటిని దాచండి. మధ్యలో పిలకల దశలో కాస్త ఉప్పు నీరైనా పైరు నెట్టుకొస్తుంది. పాల చౌడు మడిని నెర్రెలు విచ్చేలా ఆరబెట్టడం తగదు. పైన ఆరిపోతుంటే కింది ఉప్పు నీరు దీపం వత్తిలో నూనెలా పైకి ఎక్కుతుంది.

ఏ పైరు ఎంత ఓరుస్తుంది

నేలలో ఉప్పును ఇ.సి. అనే అంకెతో చెబుతారు. డెసీసైమన్లలో కొలుస్తారు, పాత కార్డుల్లో మిల్లీమోస్ అని ఉండేది, రెండూ ఒకటే. సముద్రపు నీటి ఇ.సి. సుమారు 50. నేల ఇ.సి. 4 దాటితే లవణ నేల కిందే లెక్క. అమెరికా శాస్త్రజ్ఞులు మాస్, హాఫ్‌మన్ 1977లో పైరుపైరుకూ లెక్క కట్టారు. ఎంతవరకు దిగుబడి తగ్గదు, అది దాటితే ఒక్కో అంకెకు ఎంత చొప్పున తగ్గుతుంది అన్నది ఆ లెక్క.

పత్తి 7.7 వరకు ఓరుస్తుంది, ఆ తర్వాత ఒక్కో అంకెకు నూటికి 5 వంతులే పోతుంది. జొన్న 6.8 వరకు. వరి 3 వరకే, ఆపైన అంకెకు 12 వంతులు. మొక్కజొన్న 1.7, మిరప 1.5, ఉల్లి 1.2 దగ్గరే తగ్గడం మొదలుపెడతాయి. వేరుశనగ 3.2 వరకు వరిలాగే ఓర్చుకుంటుంది గాని, గీత దాటిందా, అంకెకు 29 వంతులు పడిపోతుంది. ఇ.సి. 6 ఉన్న నేలలో ఏమవుతుందో చూడండి. ఎకరాకు 25 బస్తాలు పండే వరి 16కు దిగుతుంది. వేరుశనగలో అయిదో వంతు కూడా మిగలదు. పత్తికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వరి తర్వాత ఆ చేలో ఏం వేయాలని చూసేవారు పక్కవాడు ఏం వేశాడన్నది కాక ఈ అంకెలు చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. ఈ లెక్కంతా మట్టిని నీటితో ముద్దగా తడిపి, ఆ ముద్దలోంచి పిండిన నీటికి కట్టింది. మీ భూసార పరీక్ష కార్డులోని ఇ.సి. మామూలుగా మట్టికి రెండు, రెండున్నర రెట్లు నీళ్లు కలిపి తీసేది, కనుక అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అసలుది దానికి రెండు నుంచి నాలుగు రెట్లు ఉండవచ్చు, నేల ఇసుకదా బంకదా అన్నదాన్ని బట్టి. కార్డులో 2 ఉంది గదా, ఫరవాలేదు అనుకుని వేరుశనగ వేసి నష్టపోయినవారు ఉన్నారు. ఏ పద్ధతిలో కొలిచారో కార్డు ఇచ్చేటప్పుడే అడగండి.

కంటికి కనపడని జీవులు

ఆవకాయలో ఉప్పు తగ్గితే పైన తెల్లని బూజు కడుతుంది. సరిపడా ఉప్పు పడితే ఏడాదంతా చెడదు. చెడగొట్టే సూక్ష్మజీవుల ఒంట్లోని నీటిని కూడా ఉప్పు లాగేస్తుంది గనక అవి బతకలేవు. కాని అన్నీ అలా చావవు. చినగంజాం, నౌపడా ఉప్పు కయ్యల్లో నీరు చిక్కబడి ఉప్పు పేరుకునే ముందు ఎర్రగా, గులాబీ రంగులో కనిపించడం కొందరు చూసే ఉంటారు. అది మట్టి రంగు కాదు. ఉప్పులోనే పుట్టి పెరిగే సూక్ష్మజీవుల రంగు. అవి ఒంటినిండా పొటాషియం ఉప్పును నింపుకుని బయటి ఉప్పుతో సరితూగుతాయి. మంచినీటిలో వేస్తే చచ్చిపోతాయి! అదే కయ్యలో డునాలియెల్లా అనే పాచి ఉంటుంది. అది ఒంట్లో గ్లిసరిన్ తయారుచేసుకుని బతుకుతుంది. మన చౌడు మట్టిలోని బాక్టీరియాలో ఎక్కువ భాగం మొక్క దారినే పోతాయి, ప్రోలిన్ వంటివి పోగేసుకుంటాయి.

వీటితో రైతుకేమిటి సంబంధం? ఉంది. మామూలు నేలలో ఎరువును పైరుకు అందే రూపంలోకి మార్చేవి సూక్ష్మజీవులే. చౌడులో వాటి పని నెమ్మదిస్తుంది. కారు చౌడులో అయితే వేసిన యూరియాలో కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలిసిపోతుంది. చౌడు వరికి నత్రజని మామూలు మోతాదుకన్నా పాతిక వంతు ఎక్కువ, అదీ ఎక్కువ దఫాలుగా వేయమనడం ఇందుకే. మినుము, పెసర వేళ్ల బుడిపెల్లో నత్రజని పట్టే రైజోబియం సంగతీ అంతే. ఉప్పులో బాక్టీరియా బతికినా వేరు నూగులోకి దూరడం తగ్గి బుడిపెలు పలచబడతాయి. వరి కోసిన మడిలో చౌడు పాయల దగ్గర మినుము పసుపుపచ్చగా ఉంటే ఓ మొక్క పీకి వేరు చూడండి.

మేలు చేసేవీ ఉన్నాయి. ఉప్పు బాధలో మొక్క ఇథిలీన్ అనే వాయువును ఎక్కువగా విడుస్తుంది. అరటి గెలను మగ్గబెట్టే వాయువు అదే. అది ఎక్కువైతే వేరు ఎదగదు. వేరు చుట్టూ ఉండే కొన్ని బాక్టీరియాలు ఇథిలీన్ తయారయ్యే ముడి సరుకును తినేసి దాన్ని తగ్గిస్తాయి. కొన్ని జిగురు విడిచి సోడియాన్ని కొంత పట్టి ఉంచుతాయి, మట్టిని గుల్లగా కడతాయి. వేరుతో కలిసి బతికే మైకోరైజా అనే బూజు భాస్వరం, నీరు తెచ్చిపెడుతుంది. చౌడు నేలల నుంచే ఏరి తీసిన బాక్టీరియాతో తయారైన జీవన ఎరువులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.

అయితే బజారులో "చౌడును తినేసే బాక్టీరియా" అని చెప్పి డబ్బా అంటగట్టేవారితో జాగ్రత్త. గడ్డి కుళ్లితే గాలిలో కలుస్తుంది. సోడియం అలా కాదు, అది మూలకం. దాన్ని తిని లేకుండా చేసే జీవి ఈ భూమ్మీద పుట్టలేదు. మొక్క తిన్నా, బాక్టీరియా తిన్నా, చచ్చాక తిరిగి అదే మట్టిలో పడుతుంది. సూక్ష్మజీవి వేరుకు చేయూతనిస్తుంది తప్ప ఉప్పును పొలం దాటించదు. పొలం దాటించేది నీరొక్కటే. ఎవరైనా కొత్త డబ్బా తెస్తే అయిదు సెంట్లలో వేసి, పక్కనే అయిదు సెంట్లు వేయకుండా ఉంచి, కోతలో రెండూ తూచి చూడండి. మంచి సరుకైతే తూకమే చెబుతుంది.

పాల చౌడా, కారు చౌడా?

ఇక్కడ చాలామంది పొరబడతారు. పాల చౌడులో వేసవిలో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నేల గుల్లగానే ఉంటుంది, నీరు ఇంకుతుంది. దీనికి జిప్సం అక్కర్లేదు. గట్లు వేసి, మంచినీరు లేదా వాన నీరు నిలబెట్టి, ఇంకనిచ్చి, ఆ నీటిని మురుగు కాలువలోకి తీసేయాలి. కారు చౌడు వేరు. పి.హెచ్. 8.5 దాటుతుంది, సోడియం మట్టి రేణువులకే అంటుకుని ఉంటుంది. తడిస్తే జారుడు బురద, ఎండితే రాయి. నీరు ఇంకదు, పైన నల్లగా జిడ్డులా కనిపిస్తుంది. ఇక్కడ ముందు జిప్సం వేయాలి. అందులోని కాల్షియం సోడియాన్ని రేణువు నుంచి తప్పిస్తుంది, అప్పుడు నీరు దాన్ని కడుగుతుంది. ఎంత జిప్సమో పరీక్షలోనే తేలుతుంది, అందరికీ ఒకే మోతాదు లేదు. జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు ఆఖరి దమ్ములో వేసుకోవాలి. భాస్వరం ఎరువుతో కలపకూడదు.

ఈ రెండో చౌడులోనే సూక్ష్మజీవులు అసలైన మేలు చేస్తాయి. జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు విడిచే బొగ్గుపులుసు వాయువు నీటిలో కలిసి పులుపెక్కుతుంది, మట్టిలోని సున్నపు గులకలను కరిగిస్తుంది. కరిగిన కాల్షియం జిప్సం చేసే పనే చేస్తుంది. నెమ్మదిగా చేస్తుంది గాని ఖర్చు విత్తనాల వరకే. జీలుగ చౌడును తానే ఓర్చుకుంటుంది గనక మొలకకు భయం లేదు.

ఏ చౌడైనా కడిగిన నీరు పోయే దారి లేకపోతే పడ్డ శ్రమంతా వృథా. కొణంకి, ఉప్పుగుండూరుల్లో 1990ల చివర బాపట్ల శాస్త్రజ్ఞులు నెదర్లాండ్స్ సహకారంతో నేలలోపల చిల్లుల పైపులు పరిచి ఉప్పు నీటిని బయటికి తీసే పద్ధతి పెట్టి చూశారు. ఒక్క ఎకరం రైతు సొంతంగా చేయగలిగేది కాదది. కాని పూడిపోయిన మురుగు బోదెను పై రైతు, కింది రైతు కలిసి వేసవిలో లోతు చేసుకోవడం మన చేతిలో పనే. గట్టు పక్కనే రొయ్యల చెరువు ఉంటే రెండింటి మధ్య లోతైన ఊట కాలువ తీయించుకోవడం తప్పదు.

మిరప, కూరగాయలు బోదెల మీద వేసేవారికి ఇంకొక్క సంగతి. కాలువల్లో నీరు పెట్టినప్పుడు తడి బోదె నడుమకు, పైకి పాకుతుంది, ఉప్పునూ మోసుకెళ్లి బోదె నడినెత్తిన వదులుతుంది. ఆరాక తెల్లగా కనిపించేది అదే. మొక్కను నెత్తిన కాకుండా బోదె వాలులో నాటితే ఆ ఉప్పు దానికి తగలదు. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో దొరువు నీటితో సాగు చేసేవారు దొరువును లోతు చేసే కొద్దీ మంచినీరు ఎక్కువ వస్తుందనుకోవద్దు. మంచినీరు తేలికది, ఉప్పు నీటి పైన పలచగా తేలి ఉంటుంది. లోతుకు పోతే ఉప్పు నీరే తగులుతుంది. పక్కలకు చిల్లుల పైపులు వేసి పై నీటిని మాత్రమే మెల్లగా తోడుకునే మెరుగైన దొరువు పద్ధతిని బాపట్ల లవణ జల పరిశోధన కేంద్రం రూపొందించింది.

మట్టి పరీక్షకు ఇవ్వాలంటే వేసవిలోనే, వానలు పడకముందే నమూనా తీయండి. మంచి పైరు పెరిగిన చోటిది, పైరు చచ్చిన చోటిది వేర్వేరుగా తీయాలి, రెండూ కలపవద్దు. పైనుంచి అరడుగు మట్టి ఒక సంచి, దాని కింది అరడుగు ఇంకో సంచి. పాత ఎరువు బస్తాలో వేస్తే ఆ ఎరువు ఉప్పే పరీక్షలో కనపడుతుంది, శుభ్రమైన గుడ్డ సంచి వాడండి. బోరు నీరు పెట్టేవారైతే మోటారు వేసి అరగంట పోనిచ్చాక ఒక లీటరు సీసాలో పట్టి, ఆ నీటిని కూడా మట్టితోపాటే ఇవ్వండి.